కోటు ఎడమచెయ్యి

మోకాళ్ళ నొప్పులకు కొత్త మందు పరీక్షిస్తున్నామని ఆస్పత్రివాళ్ళు నన్ను చేర్చుకున్నారు. నలభై ఏళ్ళుగా కుట్టుమిషను తొక్కిన మోకాళ్ళు నావి. ఇంతకన్నా మంచి సరుకు వాళ్ళకెక్కడ దొరుకుతుంది? నెలకోసారి వెళ్ళాలి. అక్కడొకావిడ ప్రశ్నలు చదివి, మనం చెప్పింది కంప్యూటర్లో ఫారంలోకి కొడుతుంది. ఆవిడకు ఫారాలమ్మ అని పేరు పెట్టుకున్నాను.

“నొప్పి ఎంతుందమ్మా? సున్నా నుంచి పదిలోపు చెప్పండి,” అంది మొదటి నెల.

“ఏడుంబావు.”

“పావులు కుదరవండీ. ఏడు వేస్తున్నా.”

రెండో నెల ఆరూముప్పావు అన్నాను. ఏడు వేసింది. మూడో నెల ఆరున్నర అన్నాను. “సగం వస్తే పైకి జరపాలండీ” అంటూ మళ్ళీ ఏడే వేసింది. నాకు ఒళ్ళు మండింది. పావంగుళం తేడా వస్తే జాకెట్టు చంకలో పట్టేస్తుంది. ఈవిడేమో ముప్పావు నొప్పిని మింగేసి హాయిగా కూర్చుంది!

“అది కాదమ్మా, మొదట్లో పది నిమిషాలు తొక్కితే ప్రాణం పోయేది. ఇప్పుడు ఏకబిగిన రెండు గంటలు తొక్కుతున్నా. అది రాసుకో.”

“దానికి గడి లేదండీ. మార్పు లేనివాళ్ళకి వచ్చే నెల నుంచి మందు ఆపేస్తారు.”

ఇంటికొచ్చి ఏడ్చాను. సిగ్గేముంది, ఏడ్చాను. మందు ఆగితే మళ్ళీ పది నిమిషాల బతుకే. “పోనీ ఆరని చెప్పలేకపోయావా?” అన్నాడు మా ఆయన. నలభై ఏళ్ళలో ఒక్క కొలత అబద్ధం చెప్పలేదు, ఇప్పుడు నా మోకాలితో మొదలుపెట్టనా?

ఆ వారమే, ఈ పరీక్ష నడిపే పెద్ద డాక్టరు నుంచి కబురొచ్చింది. మందు పరీక్ష ఫలితాలు సభలో చదవాలట, కొత్త తెల్లకోటు కావాలట. వెళ్ళి కొలతలు తీశాను. మెడ పదిహేనుంబావు. చంక పద్దెనిమిదింబావు. కుడిచెయ్యి ఇరవైమూడుంబావు, ఎడమచెయ్యి ఇరవైమూడున్నర. ఏ మనిషికీ చేతులు రెండూ ఒకలా ఉండవు. ఇంటికొచ్చి, అన్నిటినీ ఫారాలమ్మ పద్ధతిలో సరిచేసి కుట్టాను.

సభ రోజు పొద్దున్నే తీసుకెళ్ళి ఇచ్చాను. ఆయన తొడుక్కుని మెడదాకా గుండీలు పెట్టాడు. ముఖం ఎర్రబడింది. చేతులు పైకి లేవలేదు. కుడిచెయ్యి పొట్టి, ఎడమచెయ్యి పొడుగు.

“ఏంటమ్మా ఇది? ఊపిరాడట్లేదు!”

“ఎంత ఇబ్బందిగా ఉంది సార్? సున్నా నుంచి పదిలోపు చెప్పండి.”

“ఏడున్నర!” అని అరిచాడు.

పక్కనే ఉన్న ఫారాలమ్మ కలం తీసి, అలవాటుకొద్దీ “ఏడో ఎనిమిదో చెప్పండి సార్,” అంది.



నేనే ఆయన మెడ గుండీ విప్పాను. “మీ ఫారంలో పావులూ అరలూ లేవుగా సార్, అందుకే నేనూ తీసేశాను,” అని నా మూడు నెలల అంకెలూ వరసగా చెప్పాను. మిషను సంగతీ చెప్పాను.

“ఇదెందుకు రాయలేదు?” అన్నాడు ఫారాలమ్మతో.

“గడి లేదు సార్.” ఆవిడకు ఏడుపు వచ్చేట్టుంది.

ఆయన తన ఎడమచెయ్యి చూసుకున్నాడు. అంచు అరంగుళం కిందికి దిగి ఉంది. దాన్ని ఆవిడ ముందుకు చాపి, “ఇక్కడ రాయి,” అన్నాడు. ఆ అరంగుళంలో ఆవిడ చిన్నచిన్న అక్షరాలతో రాసింది: ‘కుట్టుమిషను. అప్పుడు పది నిమిషాలు, ఇప్పుడు రెండు గంటలు.’ దస్తూరి బావుంది, చెప్పొద్దూ.

చంకల కుట్లు విప్పి ఆయన్ని సభకు పంపించాను. కాగితాల్లో అంకెలన్నీ చదివాక, చెయ్యెత్తి ఆ అంచు కూడా చదివాడట. వెనక వరసవాళ్ళు మరోసారి చదవమన్నారట.

నాకు మందు ఆగలేదు. కొత్త గడితో ఫారం రావడానికి ఏడాది పడుతుందట. అందాకా డాక్టర్లందరికీ ఎడమచెయ్యి అరంగుళం పొడుగ్గా కోట్లు కుట్టమని ఆస్పత్రి నాకే పని అప్పగించింది. ఇప్పుడు రోజూ ఏకబిగిన రెండు గంటలు తొక్కుతున్నాను. సరిగ్గా చెప్పాలంటే, రెండుంబావు.