తుమ్మచెక్క మరక

“మీ రహస్యం దాచే హక్కు ప్లీడరుగా నాకుంది గానీ, పత్రికవాళ్ళకి ఏ చట్టమూ ఇవ్వలేదండీ. పేరు చెప్పకపోతే జైలే,” అన్నారు మాణిక్యంగారు, పొద్దుటి నుంచి మూడోసారి.

మొహిద్దీన్ ఏలూరులో నాలుగు పేజీల వారపత్రిక నడుపుకునే మనిషి, బోనెక్కడం ఇదే మొదలు. కానీ వరహాలమ్మకి మాటిచ్చాడు. వరద బాధితుల బియ్యాన్ని కాంట్రాక్టరు నరసింహరాజు తన వలల కొట్టులో దాచాడని చెప్పింది ఆవిడే. మండవల్లి అవతల కొల్లేటి లంకలో, ఆయన స్థలంలోనే ఆవిడ గుడిసె. ఆయన వలలు కుళ్ళకుండా తుమ్మ బెరడు కాచిన రసంలో ఉడకేసే పనే ఆవిడకి కూడు. “నా పేరు బయటికొస్తే పిల్లలతో రోడ్డున పడతానండీ,” అంది.

నరసింహరాజుకి చదువు రాదు. పేపర్లో దొంగన్నారని ఎవరో చెవినేస్తే పరువునష్టం దావా పడేశాడు. ఆ వార్త పూర్తిగా వినడం ఇవాళే. కోర్టు గుమాస్తా చదివాడు: “వలలు ఉడకేసే కాగు వెనక బస్తాలు పేర్చారు. వాటి మీద చిందిన తుమ్మచెక్క రసం ఎర్రగా, ఇంకా తడిగా ఉంది.”

వరహాలమ్మ చెప్పింది చెప్పినట్టే దింపిన వాక్యం అది. అచ్చులో చూసుకుని ఎంత మురిసిపోయాడో. పట్నంవాడికి వలల సంగతేం తెలుసు!

“ఎవరు చెప్పారు మీకు?” అన్నాడు అవతలి ప్లీడరు.

“చెప్పలేనండీ.”

“భోజనాలయ్యాక ఇదే ప్రశ్న నేనడుగుతాను. ఆలోచించుకోండి,” అన్నారు జడ్జీగారు.

భార్య జుబేదా పంపిన క్యారియరు మూత కూడా తియ్యలేదు మొహిద్దీన్. జైలుకెళితే పత్రిక మూతే, ఇల్లు గడిచేదెలా? అయినా చెప్పకూడదు. వరండాలో కూర్చుని అదే మననం చేసుకున్నాడు.

మళ్ళీ కోర్టు కూర్చోగానే అవతలి ప్లీడరు లేచాడు. “ఆ ప్రశ్న వదులుకుంటున్నామండీ. పేరు మాకక్కర్లేదు.”

మాణిక్యంగారు మొహిద్దీన్ భుజం తట్టారు. కేసు వాయిదా పడింది. గండం గడిచిందనుకుని మొహిద్దీన్ వరండాలోకొస్తే నరసింహరాజు ఎదురయ్యాడు, చేతులు కట్టుకుని, ఎంతో మర్యాదగా.

“తుమ్మచెక్క కాచిన రోజు, కాగు చల్లారేదాకా కాచిన మనిషి తప్ప ఇంకొకరు ఆ కొట్టులో కాలు పెట్టకూడదండీ. వలకి చేప పడదని మా పట్టింపు. తడి మరక చూసింది ఇంకెవరంటారు? గుడిసె ఖాళీ చేయించమని ఇందాకే మనిషిని పంపాను.”

“నేను ఎవరి పేరూ చెప్పలేదండీ,” అన్నాడు మొహిద్దీన్.

“మీరు చెప్పలేదండీ,” అన్నాడు నరసింహరాజు. “రాశారు.”

మాణిక్యంగారు వెనక నుంచి పిలుస్తున్నా వినిపించుకోకుండా, క్యారియరు అక్కడే వదిలేసి, మొహిద్దీన్ లంక వైపు పోయే కైకలూరు బస్సు కోసం పరుగెత్తాడు.