వంశమంతా వచ్చింది

దర్జీ తన ఆడకుక్కను శునక జాతుల నమోదు కార్యాలయానికి తీసుకెళ్తే, గుమస్తా దాని వంక కన్నెత్తి కూడా చూడలేదు. "మూడు తరాలు రిజిస్టర్‌లో ఉంటేనే జాతి కుక్క. లేకపోతే ఊరకుక్కే. రుజువు పట్టుకురా, పో" అన్నాడు.

ఎదురుగా మనిషి లేనిదే కొలతలు తీసుకోని దర్జీకి రుజువంటే ఒక్కటే అర్థం. మర్నాడు వీధులన్నీ గాలించి తన కుక్క తల్లినీ, అమ్మమ్మనీ, వంకర చెవి తండ్రినీ తాళ్లు కట్టి లాక్కొచ్చాడు.

"కాగితాలెందుకు సార్? వంశమంతా వచ్చింది, చూసుకోండి!"

గుమస్తా ఇంతెత్తున లేచాడు. "నీ మొహం! కాగితంలో లేనిది కుక్కే కాదు. గోడమీద ఫ్రేము చూశావా? మా కుక్క, మావాడి సర్టిఫికెట్. నిప్పులు కడిగే వంశం!"

ఆ అరుపులకు బల్ల కింద పడుకున్న ఆ వంశాంకురం, గుమస్తా కుక్క, ఆవలిస్తూ బయటికొచ్చి, దర్జీ తెచ్చిన తండ్రి కుక్క పక్కన నిలబడింది. అదే గోధుమరంగు, అదే మచ్చ, అదే వంకర చెవి. అచ్చుగుద్దినట్టుంది.

దర్జీ మెడలోంచి టేపు తీసి రెండు చెవులూ కొలిచాడు. "అంగుళం తేడా లేదు సార్!"

గుమస్తా గబగబా తలుపు మూసి, రిజిస్టర్ తెరిచాడు.

"మెల్లగా మాట్లాడండి అన్నయ్యా. మీ అమ్మాయి పేరు చెప్పండి. మావాడికి చెల్లెలని రాసేస్తాను."