ఎల్గోల్ దారిలో ఎదురుబండి

మా ఆయన మినీబస్సులో ముందుసీటు నాది. ఎక్కినవాళ్ళంతా నన్ను చూసి, పాపం ముసలావిడకి ఇంట్లో తోచక మొగుడి వెంట తిరుగుతోంది, టీలూ బిస్కెట్లూ అందిస్తోంది అనుకునేవాళ్ళు. అనుకోనిచ్చాను. నేనక్కడ కూర్చున్నది లాక్లన్‌కి గుర్తుచెయ్యడానికి. ఏప్రిల్ నుంచి నా ఉద్యోగం అదే.

పన్నెండు మంది పట్టే బండి. ఇన్వర్నెస్ నుంచి రైల్లో వచ్చి కైల్ స్టేషన్లో దిగినవాళ్ళని ఎక్కించుకుని, వంతెన మీదుగా మా స్కై దీవిలోకి తెచ్చి, మూడు రోజులు తిప్పి, మళ్ళీ రైలెక్కించాలి. ఇరవై ఆరేళ్ళుగా లాక్లన్ చేసింది ఇదే. మావైపు మగవాళ్ళు నడుముకి చుట్టుకునే గళ్ళ కిల్టు కట్టుకుని స్టేషన్ బయట నిలబడితే, పెట్టె కూడా దించకుండా ముందు ఫోటో అడిగేవాళ్ళు. ఆయనకి అదంటే ఎంత ఇష్టమో చెప్పలేను. ఇంట్లో నోట్లోంచి మాట రాదు గానీ మైకు చేతికొస్తే చాలు, ఆపడం ఎవరి తరమూ కాదు.

మా దగ్గర గైడు పని పుస్తకం చదివి నేర్చుకునేది కాదు. ఒక్కో కథనీ ఒక్కో మలుపుకి తగిలించుకుంటారు. గొర్రెలు దాటకుండా రోడ్డుకి అడ్డంగా వేసిన ఇనపకమ్మీల మీద చక్రాలు గడగడమనగానే కథ మొదలు. కింద వాగు దగ్గరికొచ్చేసరికి ముగింపు. జనం నవ్వుకోడానికి ఆ తర్వాత ఓ పావుమైలు ఖాళీ. టోరిన్ ఊరు దాటాక కప్పు కూలిపోయిన ఇల్లు ఒకటుంది, దానికి రెండు తలుపులు. అన్నదమ్ములిద్దరు ఓ పొట్టేలు దగ్గర గొడవపడి, ఇంటి మధ్య గోడ కట్టుకుని, ముప్పై ఏళ్ళు మాట్లాడుకోలేదట. చివరికి అన్న గోడ మీద కొట్టి, "ఒరే, నేను పోతున్నానురా" అన్నాడట. తమ్ముడు ఇవతల నుంచి, "ఇవాళ ఆదివారం, దేవుడి రోజు, ఏ పనీ చెయ్యకూడదు. రేపు చూద్దాంలే" అన్నాడట. ఇందులో నిజమెంతో దేవుడికే తెలియాలి. ఆ పొట్టేలు మాత్రం ఏటేటా కాస్త పెద్దదవుతూ వచ్చింది.

ఏప్రిల్‌లో కథలు మలుపుల్ని తప్పడం మొదలైంది. అందుకని మేమిద్దరం కొన్ని గుర్తులు పెట్టుకున్నాం. పెట్టుకున్నామని ఎప్పుడూ పైకి అనుకోలేదు, అంతే. నేను ఫ్లాస్కు మూత తడితే కథ మొదలుపెట్టాలి. చేతిలో టాఫీ పెడితే ఆ కథ అయిపోయిందని అర్థం.

ఆ నెల్లోనే డాక్టరమ్మ మా ఇద్దరినీ కూర్చోబెట్టి విషయం చెప్పినప్పుడు లాక్లన్ కిటికీలోంచి బయటికి చూస్తూ ఉన్నాడు. జబ్బు పేరు చెప్పింది. "ఇక బస్సు నడపకూడదండీ. లైసెన్సు వాళ్ళకి మీరే రాయాలి" అంది. ఏం రాయాలో ఉత్తరం కూడా ఇచ్చింది. ఇంటికొచ్చి దాన్ని వంటింటి సొరుగులో గుడ్డల కింద పెట్టాను. లాక్లన్ దాని ఊసెత్తలేదు. మర్చిపోయాడనుకున్నాను.

నా లెక్క నాకుంది. అక్టోబరు ఆఖరికి పర్యాటకులు తగ్గిపోతారు. నవంబరులో ఆయనకి అరవై ఐదు నిండుతాయి. ఆఫీసువాళ్ళు ఓ విస్కీ సీసా చేతిలో పెట్టి నాలుగు మంచి మాటలు చెప్పి పంపిస్తారు. గౌరవంగా దిగిపోతాడు, ఎవరికీ ఏమీ తెలియదు. నోరు మర్చిపోయినా చేతులూ కాళ్ళూ మర్చిపోలేదు కదా, గేరు మార్చడం మర్చిపోలేదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. అది తప్పని తెలుసు. ఆ తప్పుని రోజూ ఫ్లాస్కుతో పాటు సర్దుకుని బయల్దేరాను.

సెప్టెంబరు మూడో వారం. పదకొండు మంది. అందులో బ్రెండా అని ఆస్ట్రేలియావిడ, రిటైరైన హెడ్‌మిస్ట్రెస్సు, సరిగ్గా నా వెనక సీట్లో కూర్చుంది. మనిషి మంచిదే గానీ ఆవిడ కళ్ళు తప్పించుకోవడం కష్టం. ఆ రోజు దీవి చివరనున్న ఎల్గోల్ వెళ్ళాం. ఎండ కాసింది, కొండలు కనబడ్డాయి, అందరూ ఆనందంగా ఉన్నారు. తిరుగుదారిలో రెండు తలుపుల ఇంటి దగ్గర లాక్లన్ కథ చెప్పాడు. బాగా చెప్పాడు. నవ్వులు ఆగాక టాఫీ చేతిలో పెట్టాను. కాగితం విప్పి నోట్లో వేసుకున్నాడు. కాస్త దూరం పోయాక ఇంకోచోట ఇనపకమ్మీలు గడగడమన్నాయి. టాఫీ బుగ్గన పెట్టుకునే మళ్ళీ మైకు తీశాడు.

"ఇప్పుడు కుడివైపు చూడండి, రెండు తలుపుల ఇల్లు ఒకటొస్తుంది. అన్నదమ్ములిద్దరు, ఓ పొట్టేలు..."

కుడివైపు చెరువు తప్ప ఏమీ లేదు. వెనకాల అందరూ నిశ్శబ్దంగా విన్నారు. ఆదివారం అనగానే మర్యాదకి మళ్ళీ నవ్వారు. బ్రెండా ముందుకి వంగి నా భుజం మీద చెయ్యేసింది.

"ఎన్నాళ్ళ నుంచమ్మా?"

"ఏంటి ఎన్నాళ్ళ నుంచి?"

"మా అమ్మకీ ఇలాగే ఉండేది."

"ఆయనకి నిన్న నిద్రలేదండీ, అంతే" అన్నాను. ఆవిడ చెయ్యి తీసేసింది.

మాది ఒంటిబాట రోడ్డు, ఒక్క బండే పడుతుంది. అక్కడక్కడా బండి పక్కకి తీసుకోడానికి కాస్త వెడల్పు జాగా ఉంటుంది. అది నీ ఎడమవైపుంటే నువ్వు లోపలికి తీసుకోవాలి. కుడివైపుంటే ఉన్నచోటే ఆగాలి, ఎదుటివాడు అందులోంచి చుట్టి వెళ్తాడు. కుడివైపు జాగాలోకి అడ్డంగా దూరేది బయటి దేశాల నుంచి అద్దెకారుల్లో వచ్చేవాళ్ళు. వాళ్ళని చూసి మావాళ్ళు తిట్టుకుంటారు. ఈ దీవిలో పుట్టినవాడు తాగి ఉన్నా ఆ పని చెయ్యడు.

మలుపు తిరగ్గానే ఎదురుగా, మావైపు ఉత్తరాలు పంచే టార్మడ్ ఎర్ర పోస్టుబండి వస్తోంది. జాగా మాకు కుడివైపుంది. టార్మడ్ మామూలుగా స్టీరింగు మీంచి ఒక వేలెత్తి పలకరించి అందులోకి తిరిగాడు. లాక్లన్ కూడా వేలెత్తాడు. ఎత్తి, నిదానంగా, తాపీగా, బండిని కుడివైపు తిప్పాడు.

"లాక్లన్! ఎడమ!" అని అరిచాను. నాకు గుర్తున్నది అంతే. టార్మడ్ ఆఖరి క్షణంలో అవతలికి తిప్పేశాడు. పోస్టుబండి రోడ్డు దిగి, ముందుచక్రం బురదలో కూరుకుపోయి ఆగింది. మా బండికీ దానికీ మధ్య జానెడు జాగా లేదు.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. లాక్లన్ తలుపు తెరుచుకుని దిగి టార్మడ్ మీద విరుచుకుపడ్డాడు.

"కళ్ళు నెత్తిమీద పెట్టుకున్నావురా గాడిదా? బండిలో పదకొండు మందున్నారు! నీకు లైసెన్సిచ్చిన వెధవెవడు? నీకు బండి నేర్పిందెవడురా?"

టార్మడ్‌కి బండి నేర్పింది లాక్లనే. ఈ దారిలోనే, వాడికి పదిహేడేళ్ళప్పుడు. వాడు బండి దిగి, తెల్లగా పాలిపోయిన మొహంతో ఆయన్ని చూశాడు. తర్వాత మా బండి ముందద్దంలోంచి నన్ను చూశాడు. తల దించుకున్నాడు.

"తప్పు నాదే అన్నా. చూసుకోలేదు."

"చూసుకోవాలి! చూసుకోకపోతే ఎలా!" అని లాక్లన్ వాడి వీపు మీద ఒకటి చరిచాడు, క్షమించేసినట్టు.

జనమంతా దిగి పోస్టుబండిని తోశారు. ఒకాయన బురదలో పడ్డాడు, నవ్వులు, ఫోటోలు. ఈ ప్రయాణం మొత్తంలో వాళ్ళకి అదే బాగా నచ్చిందనుకుంటాను. బ్రెండా ఒక్కతే తోయకుండా గట్టున నిలబడింది. టార్మడ్ చేతులు తుడుచుకుంటూ నా కిటికీ దగ్గరికొచ్చాడు.

"వదినా, ఇవాళ ఎదురొచ్చింది నేను. నాలుగింటికి ఈ దారిన బడిబస్సొస్తుంది."

"తెలుసురా."

"తెలిసే కూర్చున్నావా?"

వాడు బండెక్కి వెళ్ళిపోయాడు.

బ్రాడ్‌ఫర్డ్ ఊరొచ్చేదాకా ఆయనే నడిపాడు, రోడ్డు మీంచి చూపు తిప్పలేదు నేను. అందరూ టీలు తాగడానికి దిగారు. దుకాణం వెనకాల, చెత్తడబ్బాల పక్కన నిలబడి ఆఫీసుకి ఫోన్ చేశాను. ఫోనెత్తిన కిర్‌స్టీ మా కళ్ళముందు పెరిగిన పిల్ల. మొదటి రెండు మాటలకే దానికి అర్థమైంది. "అత్తా, తాళాలు తీసేసుకో. పోర్ట్రీ నుంచి మనిషిని పంపిస్తున్నా" అంది. "నువ్వు ముందే చెప్పాల్సింది" అని అది అనలేదు. అన్నా బావుండేది.

లాక్లన్ బండి అద్దం తుడుస్తున్నాడు. దగ్గరికెళ్ళి చెప్పాను, దాచకుండా.

"ఇక్కణ్ణుంచి వేరే డ్రైవరొస్తాడు లాక్లన్. ఇక నువ్వు నడపకూడదు. ఆఫీసుకి చెప్పేశాను."

"నువ్వే చెప్పావా?"

"నేనే."

గుడ్డని నాలుగు మడతలు పెట్టాడు. జేబులోంచి తాళాలు తీసి నా అరచేతిలో పెట్టాడు. కేకలేస్తాడనుకున్నాను, కేకలేస్తే నేనూ వెయ్యొచ్చనుకున్నాను.

"ఆరు వారాలు ఆగలేకపోయావా ఎఫీ?" అన్నాడు. "ఆ ఉత్తరం గుడ్డల కింద పెట్టావు. రోజూ పొద్దున్నే తీసి చదివి, మళ్ళీ అక్కడే పెట్టేవాణ్ణి. మనిద్దరం కలిసి లాగించేస్తాం అనుకున్నాను."

కొత్త డ్రైవరు వచ్చాక లాక్లన్ వెళ్ళి వెనకాల ఖాళీ సీట్లో కూర్చున్నాడు. మైకు ఎవరూ ముట్టుకోలేదు. కైల్ స్టేషన్లో మిగిలినవాళ్ళంతా ఆయనతో ఫోటోలు దిగి రైలెక్కారు. బ్రెండా నన్ను గట్టిగా పట్టుకుని, వదిలి, రైలెక్కింది.

అదంతా జరిగి ఎనిమిది నెలలైంది. ఆ ఉత్తరం కూడా ఇప్పుడాయనకి గుర్తులేదు. గుర్తున్నదల్లా రైలు టైము. రోజూ ఆరింటికి లేచి గడ్డం గీసుకుంటాడు. కిల్టు కట్టుకుంటాడు. మేజోళ్ళు మోకాళ్ళ దాకా లాక్కుని, టై సరిచేసుకుని, వంటింట్లోకొచ్చి, "తాళాలేవే?" అంటాడు.

జరిగింది నేను చెప్తాను. చెప్పగానే మొహం వాడిపోతుంది. "నువ్వే చెప్పావా?" అంటాడు. నేనే అంటాను. ఆ రోజంతా నాతో మాట్లాడడు. సాయంత్రానికి మర్చిపోతాడు, పొద్దున్నే మళ్ళీ తాళాలడుగుతాడు. జనం ఒక్కసారి చేసిన ద్రోహానికి ఏళ్ళ తరబడి ఏడుస్తారు. నేను చేసినదాన్నే రోజూ కొత్తగా చేస్తున్నాను. చర్చి పెద్దాయన, "నిజమే చెప్పాలని ఎవరన్నారమ్మా, దేవుడు నీకంటే పెద్దమనసున్నవాడు" అన్నాడు. మా అమ్మ నన్ను అబద్ధమాడటానికి పెంచలేదు. చాలా రోజులు ఓర్చుకున్నాను.

ఇవాళ నా వల్ల కాలేదు. ఆయన టై సరిచేసుకుంటూ గుమ్మంలో నిలబడగానే నోటికొచ్చింది అనేశాను.

"ఇవాళ బండి లేదు లాక్లన్. గాలికి వంతెన మూసేశారట."

ఆయన కిటికీ దగ్గరికెళ్ళాడు. మా వంటింట్లోంచి వంతెన మొత్తం కనబడుతుంది. దాని మీద ఓ బస్సు పోతోంది, దాని వెనకాల పాలలారీ. పక్కింటివాళ్ళు తీగ మీద ఆరేసిన దుప్పట్లు కదలడం లేదు. నీళ్ళ మీద చిన్న ముడత కూడా లేదు. ఇరవై ఆరేళ్ళు ఆకాశం చూసి బండి తీసిన మనిషి చాలాసేపు అలా చూస్తూ నిలబడ్డాడు.

"అవునే, గాలి మరీ దారుణంగా ఉంది" అన్నాడు.

నిజంగా కనబడలేదా, కనబడీ నా మొహం చూసి అలా అన్నాడా అడిగే ధైర్యం నాకు లేదు. ఏదైనా నేను తట్టుకోలేను.

"స్టేషన్లో వాళ్ళు ఎదురుచూస్తుంటారు పాపం. ఫోన్ చేసి చెప్పు" అన్నాడు.

ఫోన్ తీసుకున్నాను. ఏ నంబరూ నొక్కకుండా చెవికి ఆనించుకుని, ఇవాళ లాక్లన్ రాలేడండీ అని చెప్పాను. ఆయన నన్నే చూస్తూ విన్నాడు.

"ఏమన్నారు?"

"ఇంకోసారి వస్తామన్నారు."

"మంచివాళ్ళు" అని, కుర్చీలో కూర్చుని, మేజోళ్ళు విప్పుకోవడం మొదలుపెట్టాడు.