యల్లయ్య కాళ్ళ కింద జాగా

పొద్దున్నే ఎద్దులకు నీళ్ళు పెట్టి, కలరా సూదిమందు పెట్టెకు తడిగోనె చుట్టి, తలారి యల్లయ్య నడుముకు మోకు కట్టుకుని బండెక్కినాడు. మోకు రెండో కొస హెల్త్ ఇన్‌స్పెక్టరు ఆదినారాయణ చేతిలో ఉంది. దగ్గర్లో ఎవరైనా తెలిసి అబద్ధమాడితే యల్లయ్య కాళ్ళు నేల విడుస్తాయి. చిన్న అబద్ధానికి బెత్తెడు, పెద్దదానికి చెట్టెత్తు; ఆడినవాళ్ళు నిజం ఒప్పుకుంటే మళ్ళీ దిగుతాయి. మార్కాపురం తాలూకాలో ఈ సంగతి ఎరగనివాళ్ళు లేరు.

మందు ఒక్క ఊరికే మిగిలింది. ఎండకు చెడకముందే వేసెయ్యాలి. జబ్బు రేపు ఎక్కడ పడుతుందో కనిపెట్టి, దానికంటే ముందే అక్కడుండాలని ఆదినారాయణ పంతం.

మొదటి ఊళ్ళో మునసబు, యల్లయ్యను చూసి కూడా ఆశ చావక, గుండెలు బాదుకున్నాడు. "నలభైమంది పోయినారు సార్! మందంతా మాకే ఇయ్యండి!"

యల్లయ్య చింతకొమ్మల్లోకి పోయినాడు. "దించండి సార్, చీమలు కుడుతున్నాయి!"

ఆదినారాయణ మోకు లాగుతూ తన లెక్కలో నలభైని నాలుగు చేసుకున్నాడు.

పుల్లలచెరువు దారిలో, రాళ్ళవాగు మునసబు గురవయ్య నింపాదిగా చెప్పినాడు. "మాకాడ ఎవరికీ ఏం కాలేదు సార్." యల్లయ్య కదల్లేదు.

ఊరికి తాగేనీళ్ళకు ఉన్నది వాగు ఇసుకలో ఒక్క చెలమ. చుట్టుపక్కల ఊళ్ళన్నిట్లో జబ్బు. ఇక్కడ మాత్రం లేకుండా ఎట్లా ఉంటుందని ఆదినారాయణకు అనుమానమే. అయినా బింకంగా అన్నాడు. "నా అంచనా తప్పదు యల్లయ్యా. ఇక్కడ కలరా లేదు, ఖాయం!"

మోకు సర్రున జారింది. యల్లయ్య తాటిచెట్లు దాటి పైకి పోయినాడు. పైనుంచి కేక. "సార్! జెముడు కంచె అవతల క్రైస్తవుల పాలెం ఉంది! సంగటి వేళయినా ఒక్క కొంపలో పొగ లేదు!"

"పాలెం మాటే చెప్పలేదేంది?" అని గురవయ్యను అడిగినాడు ఆదినారాయణ.

"మేం అటు పోము గదా సార్. మాకేం తెలుసు?"

అదీ అబద్ధం కాదు మరి.

ఆదినారాయణ పెట్టె చంకన పెట్టుకుని, మోకు పట్టుకుని పరుగెత్తినాడు. పైన యల్లయ్య గాలిపటంలా ఊగుతూ దారి చెప్పినాడు. "ఎడమకు సార్! ముళ్ళు, ముళ్ళు!"

"నాకు తెలీలేదు యల్లయ్యా, నాకు తెలీలేదు!" అని ఆయన రొప్పుతుంటే యల్లయ్య కొంచెం కొంచెంగా దిగినాడు.

పాలెంలో ఎలీషబా గడప దగ్గర ఇద్దరు బిడ్డలను వెనక దాచుకుని నిలబడింది. మొగుణ్ణి తెల్లవారుజామునే పూడ్చి వచ్చింది. బతికున్నవాళ్ళంతా ఆమె ఏమంటుందోనని చూస్తున్నారు.

"నొప్పి పుట్టదమ్మా," అన్నాడు ఆదినారాయణ.

యల్లయ్య బెత్తెడు లేచినాడు.

"చూసినావా యల్లయ్య మామా, మీ సారు!" అందామె.

ఆదినారాయణ తల దించుకున్నాడు. "నొప్పి పుడుతుంది. జ్వరమొస్తుంది. అందరూ బతుకుతారని చెప్పలేను. వేయించుకోనివాళ్ళకంటే ఎక్కువమంది బతుకుతారని నమ్ముతున్నా. అంతే."

ఎలీషబా యల్లయ్య కాళ్ళు చూసింది. వేళ్ళ సందుల్లో దుమ్ము. నేల మీదే ఉన్నాయి.

రవికె చెయ్యి పైకి తోసుకుని, పాలెమంతా వినపడేట్టు కేకేసింది.

"బిడ్డల్ని తీసుకోని రాండి! ఈయనకు గూడా సరిగ్గా తెలీదంట!"