ఖాట్మండులో నేను లేచిన సాయంత్రం

నేను ఒక లైన్స్‌మన్ జెండాను. ఫుట్‌బాల్ మైదానంలో పక్కగీత వెంట పరిగెత్తే మనిషి చేతిలో పసుపు, ఎరుపు గళ్ళతో రెపరెపలాడే గుడ్డను మీరు చూసే ఉంటారు. నన్ను మీరట్‌లో ఒక ఇరుకు గదిలో రజియా అనే ఆవిడ కుట్టింది. కుట్టాక నాలుగు మూలలూ లాగి చూసి, "ఎంత గాలికైనా చిరగదు" అని పక్కనున్న మనిషితో గర్వంగా చెప్పింది. ఆమె మాట నిజమైంది. చిరిగిపోయి ఉంటే బాగుండేదని నేనే చాలాసార్లు అనుకున్నాను.

సికింద్రాబాదు దుకాణంలో నన్ను కొన్నవాడు బందెల ప్రభుదాసు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. వయసులో ఉండగా లెఫ్ట్ బ్యాక్ ఆడేవాడు. ముప్పై దాటాక ఆటను వదల్లేక రిఫరీ పరీక్షలు రాశాడు. బొల్లారం నేలలో, గోవా వానలో, కోల్‌కతా తిట్లలో తొమ్మిదేళ్ళు నన్ను పట్టుకుని పరిగెత్తాడు. తిట్టని ఊరు లేదు. మనుషులు దేవుణ్ణి, లైన్స్‌మన్‌ను ఒకే రకంగా చూస్తారు. తమకు అనుకూలమైతే ఉన్నాడంటారు, కాకపోతే కళ్ళు లేవంటారు. ప్రభుదాసు అదేదీ పట్టించుకునేవాడు కాదు. "చూసిందే ఎత్తాలె. చూడంది ఎత్తొద్దు," అనేవాడు కుర్ర రిఫరీలతో. ఆ మాట విన్నప్పుడల్లా నా గళ్ళు నాకే ముద్దొచ్చేవి.

ఆ తర్వాత దక్షిణాసియా దేశాల కప్పుకు అతనికి పిలుపు వచ్చింది. ఖాట్మండుకు వెళ్ళాం.

భూటాన్, మాల్దీవుల మ్యాచ్ అది. మాల్దీవులకు డ్రా చాలు. భూటాన్ గెలిస్తే మొట్టమొదటిసారి సెమీఫైనల్‌కు వెళుతుంది. ఎనభై ఎనిమిదో నిమిషం దాకా గోలు లేదు. అప్పుడు మైదానం మధ్య నుంచి ఒక పొడవాటి బంతి వచ్చింది. భూటాన్ ముందువరస ఆటగాడు ఫుంచో, ఇరవై ఒక్క ఏళ్ళ సన్నటి మనిషి, బాణంలా ఉరికాడు. ఒక్క తన్నుతో బంతిని గోల్‌కీపర్‌ను దాటించాడు. బంతి వలలో పడింది.

నేను పైకి లేచి ఉన్నాను.

ఆఫ్‌సైడ్ సంగతి తెలియనివారికి చెబుతాను. బంతి అందించే క్షణానికి ముందువరస ఆటగాడు గోలును కాచే ప్రత్యర్థి బ్యాకులందరినీ దాటి గోలు వైపు నిలబడి ఉంటే ఆ గోలు చెల్లదు. ఒక్క బ్యాక్ అతనికన్నా గోలుకు దగ్గరగా ఉన్నా చాలు, చెల్లుతుంది. ప్రభుదాసు తన దగ్గరున్న ముగ్గురు బ్యాకులనే చూశాడు. నాలుగోవాడు పిక్క పట్టేసి అవతలి గీత దగ్గర కుంటుతూ వెనకబడ్డాడు. ఫుంచో కన్నా రెండడుగులు గోలుకు దగ్గరగానే ఉన్నాడు. నేను లేచాకగానీ ప్రభుదాసు కళ్ళు అటు పోలేదు. చూశాడని నాకెలా తెలుసంటే, నా కర్ర చుట్టూ అతని వేళ్ళు ఒక్కసారిగా వదులయ్యాయి.

రిఫరీ పరిగెత్తుకుంటూ వచ్చాడు. "ఖచ్చితమేనా?" అని అడిగాడు.

ఇంకా సమయం ఉంది. నన్ను దించి, పొరపాటు పడ్డానని ఒక్క మాట అంటే సరిపోయేది. స్టేడియం మొత్తం అతనివైపే చూస్తోంది. వేళ్ళు మళ్ళీ బిగిశాయి.

"ఖచ్చితం," అన్నాడు.

మ్యాచ్ డ్రా అయింది. డ్రెస్సింగ్ రూముల నడవలో ఫుంచో మా కోసం నిలబడి ఉన్నాడు. ఒట్టి కాళ్ళు, చేతిలో బూట్లు. ఏడ్చిన కళ్ళు. తనకు వచ్చిన హిందీలో మెల్లగా అడిగాడు.

"అన్నా, గొడవకు రాలేదు. నేర్చుకుందామని అడుగుతున్నాను. నేను నిజంగా ముందున్నానా?"

ప్రభుదాసు నన్ను చుట్టలు చుడుతూ, తలెత్తకుండా జవాబిచ్చాడు. "ఉన్నావు తమ్ముడూ. అర అడుగు ముందే ఉరికావు."

ఫుంచో తల వంచి రెండు చేతులూ జోడించాడు. "చెప్పినందుకు కృతజ్ఞతలు," అన్నాడు.

తప్పుగా లేచినందుకు నేను సిగ్గుపడ్డాను. ఆ కృతజ్ఞతలకు మాత్రం, ఆ చుట్టలోంచి నన్ను ఇక ఎప్పటికీ విప్పకుండా ఉంటే బాగుండుననిపించింది.

తిరిగొచ్చాక సికింద్రాబాదులో మాకు సన్మానం జరిగింది. ఒత్తిడికి లొంగకుండా జెండా ఎత్తిన మనవాడని ఒకాయన మైకులో పొగిడాడు. శాలువా కప్పారు. నన్ను అద్దాల ఫ్రేములో పెట్టి ప్రభుదాసు ఇంటి ముందుగదిలో తగిలించారు. వచ్చినవాళ్ళంతా టీ తాగుతూ నన్ను చూపించేవారు. అతని భార్య సులోచన ఆదివారం చర్చికి వెళ్ళే ముందు నా అద్దం తుడిచేది. ప్రభుదాసు మాత్రం నాకు వీపు పెట్టే కుర్చీలోనే కూర్చునేవాడు. అలా పదకొండేళ్ళు.

ఆ తర్వాత కొత్త రిఫరీల శిక్షణకు అతన్ని పిలిచారు. నన్ను ఫ్రేములోంచి తీసి తీసుకెళ్ళాడు. తెరమీద ఆ గోలు వేశారు. సౌజన్య అనే అమ్మాయి లేచి నిలబడింది.

"సార్, అవతల పక్క బ్యాక్ ఎన్కనే ఉన్నడు గద సార్?"

"కెమెరా అట్ల చూపిస్తదమ్మా," అన్నాడు ప్రభుదాసు. అమ్మాయి సరేనని కూర్చుని, ఆ మాటే పుస్తకంలో రాసుకుంది.

ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా కూలబడ్డాడు. సులోచన నీళ్ళు తెచ్చింది. తాగలేదు. మొత్తం చెప్పాడు. ఆమె నన్నూ, గోడమీది ఖాళీ ఫ్రేమునూ చూసింది.

"పదకొండేండ్ల సంది నా గోడకు అబద్ధం ఏలాడదీసినవా?"

"పొరపాటైందే. ఎవ్వరికన్నా అయితది."

"పొరపాటు సంగతి నేనంటలేను. ఆ పిలగాడు అడిగినప్పుడన్న చెప్పొద్దా?"

"ఇప్పుడు చెప్తె ఏమొస్తది? ఆ గోలొస్తదా?"

"నీకేమొస్తదో నాకెందుకయ్యా? నిజం ఆ పిలగానిది. వానికియ్యి."

ప్రభుదాసు ఉత్తరం రాశాడు. నాలుగుసార్లు చించాడు, ఐదోది పోస్టు చేశాడు. ఫుంచో ఎక్కడున్నాడో తెలియక భూటాన్ ఫుట్‌బాల్ ఆఫీసు పేరు మీద పంపాడు. దాదాపు మూడు నెలలకు జవాబు వచ్చింది. సులోచన పైకి చదివింది.

"మీ ఉత్తరం అందింది. ఆ రోజు మా కోచ్ 'నువ్వు ముందు లేవు' అన్నాడు. టీవీలో చూసి మా నాన్న కూడా అదే అన్నాడు. కానీ గీత మీద ఉన్నది మీరు, అందుకని మిమ్మల్నే నమ్మాను. ఆ తర్వాత ప్రతి పరుగూ అర అడుగు ఆగి మొదలుపెట్టాను. అప్పటికే బంతి వెళ్ళిపోయేది. మరుసటి ఏడాది జట్టులోంచి తీసేశారు. ఇప్పుడు బడిలో ఆటలు నేర్పుతున్నాను. మీ మీద కోపం వచ్చింది, కొంత ఇంకా ఉంది. ఒక్కటి అడుగుతాను. మా బడికి లైన్ జెండా లేదు, ఎర్ర తువ్వాలు ఊపుతున్నాం. ఆ రోజు ఎత్తిన జెండా ఇంకా మీ దగ్గరుంటే పంపండి."

ప్రభుదాసు మొహం చేతుల్లో దాచుకున్నాడు. మర్నాడు సౌజన్యకు ఫోన్ చేసి, "అమ్మా, ఎన్కనే ఉన్నడు. నువ్వే కరెక్టు చూసినవ్," అని చెప్పాడు. తర్వాత నన్ను ఉతికి, తనే ఇస్త్రీ చేసి, పార్సిల్ కట్టాడు.

ఇప్పుడు నేను కొండల మధ్య ఒక బడి మైదానంలో ఉంటాను. ఫుంచోకు కొంచెం పొట్ట వచ్చింది. నన్ను విప్పిన రోజు గళ్ళ మీద బొటనవేలితో ఒకసారి నిమిరాడు. నేలకేసి కొడతాడనుకున్నాను, కనీసం అటకమీద పారేస్తాడనుకున్నాను. కొట్టలేదు. పారెయ్యలేదు.

పిల్లల ఆటలో గోలు పడగానే ఆయన నన్ను వెంటనే ఎత్తడు. అవతలి గీత దాకా చూస్తాడు. గోల్‌కీపర్‌ను చూస్తాడు. మళ్ళీ అవతలికి చూస్తాడు. "సార్, తొందరగా చెప్పండి!" అని పిల్లలు గోల పెడతారు. చలికి అందరి చేతులూ కొంకర్లు పోయే ఆ ఊళ్ళో ఆయన చెయ్యి మాత్రం వెచ్చగా ఉంటుంది. జారిపోకుండా నన్ను ఎంతో జాగ్రత్తగా పట్టుకుంటాడు. ఆ జాగ్రత్తనే నేను భరించలేకపోతున్నాను.