ఒకటీ నాలుగూ, రెండూ మూడూ

సైలెన్సర్ల షెడ్డు నడుపుతుంది కాబట్టి ఆవిడకు సైలెన్సర్ పిన్ని అని పేరొచ్చిందని కొత్తవాళ్లు అనుకుంటారు. ఆవిడ నోరు ఎరిగినవాళ్లు మాత్రం ఆ పేరు తలచుకుని నవ్వుకుంటారు. మానిఫోల్డ్ అంటే ఇంజను నుంచి పొగను బయటికి తెచ్చే గొట్టాల గుత్తి. పాతకాలపు జపాన్ పరుగుకార్లది ఏదైనా చేతిలో పెడితే చాలు, అది ఏ కారుది, అసలా నకలా అన్నది ఊపిరి తిప్పుకోకుండా చెప్పేస్తుంది. ఎక్కడెక్కడి నుంచో ఫోటోలు పంపి అడిగేవాళ్లున్నారు. అడగనివాళ్లకి కూడా చెబుతుంది.

అందరికన్నా ఎక్కువ విన్నది ఆవిడ మొగుడు, షెడ్డు మొత్తానికీ బాబాయ్. పాపం, పెళ్లయిన నాటి నుంచీ తింటూ, బట్టలు ఆరేస్తూ, పక్క మీద వాలుతూ వింటూనే ఉన్నాడు. "వింటున్నారా?" అంటే "ఊ" అంటాడు. "ఏం చెప్పాను?" అంటే దానికీ "ఊ" అనే. గోడకు చెప్పుకున్నా నయమని పిన్ని పదిమందిలోనూ అనేది. నవ్వుతూనే అనేది గానీ, ఆ మాట వెనక నిజంగానే బాధ ఉండేది.

అలాంటి పిన్నికి గొంతులో చిన్న కాయ లేచింది. దాన్ని తీసేసిన డాక్టరమ్మ, వారం దాకా పెదవి కదపొద్దంది. గుసగుస కూడా చేటేనట. మాట్లాడితే ఆ గొంతు ఇక జన్మలో మళ్లీ ఇలా ఉండదని గట్టిగా చెప్పి పంపింది. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతుందని పిన్ని మెడలో పలక వేలాడదీసుకుని షెడ్డుకొచ్చేసింది. పలక వల్ల ఒరిగింది లేదు. ఆవిడ రాసేవన్నీ కోడిగీతలు. కాసేపాగితే ఆవిడకే అర్థం కావు.

అదిగో అప్పుడొచ్చాడు ఎర్ర కారాయన, పాత ఇనుము కొట్టులో దొరికిన మానిఫోల్డ్ పట్టుకుని. దాని మూతికి మధ్యలో అడ్డుగోడ ఉంది. ఆయన కారులో, ఆ పొగ ఊపుతో తిరిగి ఇంజనుకు గాలి కొట్టే టర్బోకేమో ఒకటే కంత.

"ఈ మూతి కోసేసి మామూలుది అతికించు. తొందరగా కావాలి," అని వెల్డరుతో అన్నాడు. వెల్డరు పిన్నికి స్వయానా అక్క కొడుకు.

అతను ఇనుము కోసే గ్రైండరు వెతుక్కునే లోపు పిన్ని ఆ గొట్టాల మీద చెయ్యి వేసింది. ఒక్కోదాని వెంటా వేలు జరుపుకుంటూ మూతి దాకా వెళ్లింది. మొదటిది నాలుగోదాంతో కలిసింది. రెండోది మూడోదాంతో. ఇన్నేళ్లలో ఫోటోల్లో తప్ప కంట పడని అసలు సరుకు. ఒక్క ఉదుటున వెళ్లి గ్రైండరు ప్లగ్గు పీకేసింది.

"ఏమైంది పిన్నీ?"

పలక మీద గబగబా గీకింది. వెల్డరు దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"టీ తెమ్మంటోందేమో."

పిన్ని తల కొట్టుకుంది. నాలుగు వేళ్లు చూపించి, చూపుడువేలికి చిటికెనవేలు ఆనించింది.

"నాలుగు రోజులు పడుతుందంటోందండీ."

"అంత ఆగలేను. కంపెనీ నంబరైనా లేని తుక్కు ఇది. ఇలా అడ్డుగోడ పెట్టిన నకళ్లు బజారు నిండా ఉన్నాయి. ప్లగ్గు పెట్టు బాబూ."

వెల్డరు ప్లగ్గు పెట్టాడు. పోతే పోయింది వెధవ గొంతు అనుకుని పిన్ని నోరు తెరిచింది. మాట నాలుక చివరి దాకా వచ్చింది.

"ఆపరా!"

షెడ్డు రేకులు అదిరాయి. అరిచింది పిన్ని కాదు. మూలన అటు తిరిగి బోల్టులు ఏరుకుంటున్న బాబాయ్.

ఆయన లేచి వచ్చి మానిఫోల్డ్‌ను తన వైపు తిప్పుకున్నాడు.

"ఒకటీ నాలుగూ ఒక జట్టు, రెండూ మూడూ ఒక జట్టు. ఇంజనులో ఒకటో సిలిండరు పొగ ఊదాక మూడు ఊదుతుంది, తర్వాత నాలుగు, ఆఖర్న రెండు. వెంటవెంటనే ఊదేవాటిని ఒకే గొట్టంలో పెడితే ఒకరి మాటకి ఇంకొకరు అడ్డం పడినట్టే. అందుకని ఊదే వరసలో ఒకటి విడిచి ఒకటి కలిపారు. నకలు చేసేవాళ్లు గోడైతే పెడతారు గానీ, పక్కపక్కవి కలిపేస్తారు, వాళ్ల మొహం. నంబరు పైన ఉండదు. మూడో గొట్టం మలుపు చాటున చూడండి."

గుడ్డతో తుడిస్తే మసి కింద నుంచి చిన్న అంకెలు బయటపడ్డాయి. ఎర్ర కారాయన దాన్ని చంటిపిల్లలా ఒళ్లోకి తీసుకుని కూలబడ్డాడు.

పిన్ని తెరిచిన నోరు మూయడం మరిచిపోయింది. ప్రతి ముక్కా తనదే. ఆ 'వాళ్ల మొహం' కూడా తను అనే చోటే పడింది. ఎప్పుడో డాబా మీద బట్టలు ఆరేస్తూ చెప్పింది. అప్పుడాయన నోట్లో క్లిప్పులున్నాయి.

"మరి నా కారుకెలా?" అన్నాడు ఎర్ర కారాయన.

"ఆవిడ నోరు విప్పాక రండి. నాకింతవరకే తెలుసు."

పిన్నికి కళ్లు చెమర్చాయి. పలక తుడిచి ఏదో గీకి ఆయన ముందు పెట్టింది. ఇన్నాళ్లూ విన్నారా, అని. ఎవరికీ అర్థం కాని ఆ కోడిగీతల్ని ఆయన ఒక్క చూపులో చదివేశాడు.

"ఊ," అన్నాడు.

వారం తిరిగి, ఇక మాట్లాడొచ్చని డాక్టరమ్మ అన్న రోజున, పిన్ని మొదట ఏమంటుందోనని షెడ్డంతా చెవులు రిక్కించింది. ఈలోగా బాబాయ్‌కి మాటల రుచి తగిలింది. ఎర్ర కారుకి ఆ అడ్డుగోడ మూతికి సరిపడే టర్బో ఎలా వెతకాలో బోల్టులు పక్కన పెట్టి మరీ చెప్పుకుపోతున్నాడు. మధ్యలో ఆగి, పిన్ని వైపు తిరిగి, "వింటున్నావా?" అన్నాడు.

ఆయన చెప్పిందాంట్లో రెండు తప్పులున్నాయి. వారానికి సరిపడా మాటలు గొంతు దాకా వచ్చి ఉన్నాయి. పిన్ని వాటన్నిటినీ మింగేసింది.

"ఊ," అంది.