పోలరాజు ఎడమ కాలి మీద ఏడేళ్లు

నేను ఒక షిన్‌గార్డ్‌ని. ఫుట్‌బాల్ ఆటగాళ్లు మోకాలి కింద, మేజోడు లోపల పెట్టుకునే ప్లాస్టిక్ పలకని. తన్నులు తినడమే నా ఉద్యోగం. చెప్పుకోవడానికి నాకేమీ నామోషీ లేదు. జీతం తీసుకుని తన్నులు తినే మనుషులను చాలామందినే చూశాను.

జలంధర్‌లో ఒక అచ్చులో పుట్టాను. ఎనిమిదేళ్ల పిల్లల కోసమని వీపున స్టిక్కర్ అంటించి, నా జంటతో కలిపి విశాఖపట్నం పంపారు. అక్కడ ఒక షాపులో వేలాడుతుండగా మైలపల్లి పోలరాజు నన్ను చూశాడు. జాలరిపేట మనిషి, ఇరవై నాలుగేళ్లు, అప్పటికే కలకత్తాలో ఒక క్లబ్బుకి మిడ్‌ఫీల్డర్.

“పిల్లోడికేటి?” అని అడిగాడు షాపాయన.

“నాకే.”

“నీ కాలికి ఇదేటి సరిపోద్ది?”

“బరువుండకూడదు. అయినా నన్ను తన్నాలంటే ముందు అందుకోవాల కదా!”

ఆ పొగరు నాకు తెగ నచ్చింది. అతని కాలెక్కాక నాకూ అబ్బింది.

మైదానం మధ్యలో ఆడేవాడికి నాలుగు వైపుల నుంచీ తన్నులే. వెనక వాళ్ల దగ్గర బంతి తీసుకుని ముందు వాళ్లకు అందించేలోగా ఇద్దరు ముగ్గురు మీద పడతారు. పోలరాజు మాత్రం బంతి రాకముందే మెడ తిప్పి వెనక ఎవడున్నాడో చూసుకునేవాడు. వాడు వచ్చేసరికి అక్కడ బంతీ ఉండేది కాదు, మేమూ ఉండేవాళ్లం కాదు. కలకత్తాలో మూడేళ్లు, గోవాలో రెండేళ్లు ఆడినా నా ఒంటి మీద పడ్డ గీతలు పట్టుమని పది లేవు.

ఆ తర్వాత ఐస్‌లాండ్. చేపల వేట మీద బతికే ఒక చిన్న ఊరి క్లబ్బు, పెద్ద లీగులోంచి ఎప్పుడు జారిపోతుందా అన్నట్టు ఉండేది. ఊళ్లో దిగగానే పోలరాజు గట్టిగా ఊపిరి పీల్చి, విశాఖ రేవులో ఎండుచేపలు అమ్మే వాళ్ల అప్పకి, అంటే అక్క ఎర్రమ్మకి, ఫోన్ చేశాడు.

“అప్పా, ఇక్కడ కూడా మన పేట వాసనే!”

“అయితే బెంగ లేదు. సలెలాగుంది?”

“సలి మాట అడక్కు.”

మ్యాచ్‌కి ముందు రిఫరీ వచ్చి మేజోటి మీద తట్టేవాడు. టక్కుమంటే చాలు, వెళ్లిపోయేవాడు. షిన్‌గార్డ్ ఉండాలన్నది రూలు; ఎంత ఉండాలన్నది ఆటగాడి ఇష్టం. జట్టు డాక్టరమ్మ సిగ్రున్ మాత్రం పెద్దది పెట్టుకోమని వారం వారం పోరేది. పోలరాజు నన్నే పెట్టుకునేవాడు. నేను లోలోపల నవ్వుకునేదాన్ని.

రెండో ఏడు ఏప్రిల్‌లో ఒక మ్యాచ్. పోలరాజు ఎప్పటిలాగే వెనక్కి చూశాడు. చూశాడు గానీ, వస్తున్నవాడు తను అనుకున్న దానికంటే వేగంగా వచ్చాడు. దెబ్బ నా పై అంచుకి రెండు వేళ్ల పైన పడింది. ఎముక విరిగిన చప్పుడు అందరికంటే ముందు నేనే విన్నాను. నా మీద గీత కూడా పడలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

అక్టోబరుతో కాంట్రాక్టు అయిపోతుంది. ఈలోగా మైదానంలో కనబడితేనే కొత్తది ఇస్తామన్నాడు క్లబ్బు అధ్యక్షుడు. ముప్ఫై దాటినవాణ్ని, అందులోనూ కాలు విరిగినవాణ్ని, ఇంకో క్లబ్బు పిలవదు. ఆ సంగతి పోలరాజుకీ తెలుసు.

“వచ్చియ్‌రా తమ్ముడా. కాలు బాగుంటే ఏ పనైనా సేసుకోవచ్చు,” అంది ఎర్రమ్మ.

“ఒక్క మేచ్ అప్పా. ఆడి సూపిత్తాను.”

ఆరు నెలలు పళ్లబిగువున కష్టపడ్డాడు. ఆఖరి మ్యాచ్‌కి జట్టులో పేరొచ్చింది. ఓడితే క్లబ్బు కింది లీగుకి పోతుంది. డ్రెస్సింగ్ రూములో నన్ను చేతిలోకి తీసుకుని కాసేపు చూశాడు. తర్వాత బల్ల మీద పెట్టి, సంచిలోంచి ఇంకో షిన్‌గార్డ్ తీశాడు. చీలమండ నుంచి మోకాలి దాకా ఉంది! నాకు ఒళ్లు మండింది. ఏడేళ్ల కాపురం ఇలా తెగిపోవడమా? ఆ మొద్దు పలకతో అసలు పరుగెత్తగలడా?

గోడ అవతల జనం అరుపులు వింటూ కూర్చున్నాను. అవి ఏడుపులో కేకలో తెలియలేదు. చివరికి అందరూ తడిసి ముద్దై, ఒకరి మెడ మీద ఒకరు పడి పాడుతూ లోపలికొచ్చారు. ఒకటి ఒకటితో మ్యాచ్ సమమైంది, క్లబ్బు నిలబడింది.

పోలరాజు నా పక్కన కూలబడి ఆ పెద్దదాన్ని విప్పాడు. దాని మీద మూడు లోతైన గాట్లు. ఒకటి సరిగ్గా అప్పుడు ఎముక విరిగిన చోట. సిగ్రున్ వచ్చి ఆ గాటులో వేలు పెట్టి చూసి, అతని తల నిమిరింది. అధ్యక్షుడు కాంట్రాక్టు కాగితాలతో తలుపు దగ్గర నిలబడ్డాడు. పోలరాజు ముందు ఫోన్ తీశాడు.

“అప్పా! తన్నీసారు. కాలుంది!”

అవతల ఎర్రమ్మ ఏడవడం నాకు వినిపించింది.

ఇప్పుడు నేను అతని సంచి అడుగున, పక్క జేబులో ఉంటున్నాను. నిన్ను పక్కన పెట్టనా అని ఆ రోజు అడిగి ఉంటే చచ్చినా ఒప్పుకునేదాన్ని కాదు. నాకే చేతులుంటే, ఇవాళ ఆ పెద్దదాన్ని తీసి అతని కాలికి నేనే కట్టేదాన్ని.